పసరు ముందా, పచ్చకళ్లు ముందా

2022 జూన్ మొదటి వారంలో నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం వైపు, అడవి అంచున ఉన్న ఒక ఏరియా ఆస్పత్రికి జనరల్ మెడిసిన్ స్పెషలిస్టుగా బదిలీ చేశారు. హోదా సివిల్ సర్జన్. పేరులో సర్జన్ అని ఉంది కదా అని కత్తి పట్టే డాక్టరనుకునేరు. ప్రభుత్వ సర్వీసులో అదొక మెట్టు పేరు, అంతే. నేను జ్వరాలు, షుగర్లు, కామెర్లు చూసే ఫిజీషియన్‌ని. ఆ ఆస్పత్రిలో ఫిజీషియన్లకు రెండు పోస్టులున్నాయి. రెండోది నేను చేరిన రోజున ఖాళీ, రిటైరైన రోజునా ఖాళీయే. అందుకని అటు ఏన్కూరు, జూలూరుపాడు మండలాల నుంచి, ఇటు అడవిలోపలి గూడేల నుంచి వచ్చే ప్రతి కామెర్ల కేసూ నా బల్ల ముందుకే వచ్చేది.

మాది నేలకొండపల్లి పక్కన పల్లె. కామెర్లకు పసరు తాగడం నేను పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. ఏడేళ్ల వయసులో నాకే కామెర్లొస్తే మా నాయనమ్మ ముక్కు మూసి మరీ తాగించింది. అది నూటికి తొంభై మందికి దానంతటదే తగ్గే రకం కామెర్లని డాక్టరీ చదివాక తెలిసింది. పసరు తాగినా తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది, పేరు మాత్రం పసరుకు వస్తుంది. అంతవరకైతే నాకూ పేచీ లేదు. కానీ ఏ ఆకు నూరారో తెలియని పసరు తాగి, కాలేయం పూర్తిగా చెడిపోయి నా వార్డులోనే పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురి ముఖాలు ఇప్పటికీ గుర్తే. అందుకే పసరు మాట వినబడితే నాకు ఒళ్లు మండేది.

చేరిన వారానికే ఓపీ గది తలుపు మీద ఒక బోర్డు పెట్టించాను: ‘పసరు తాగినవారు ముందుగా డాక్టరుకు చెప్పవలెను.’ చెప్పినవాళ్లను తిట్టేవాణ్ని. చెప్పనివాళ్లను రెండింతలు తిట్టేవాణ్ని. మా హెడ్ నర్సు సిస్టర్ విమల ఒకరోజు మెల్లగా, “సార్, మీరు అడిగే తీరుకు జనం భయపడుతున్రు” అంది. భయపడితే మంచిదే, ఇంకోసారి తాగరు అన్నాను. అప్పుడే ఆగి ఆలోచించి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు.

ఆ సెప్టెంబరులో సునీత వచ్చింది. ఇరవై ఏడేళ్లు. జూలూరుపాడు వైపు ఒక తండా అమ్మాయి, అటవీశాఖలో బీట్ ఆఫీసరు. అడవిని చిన్న చిన్న భాగాలుగా చేసి ఒక్కో భాగాన్ని బీట్ అంటారు. ఆ బీట్ అంతా కాలినడకన తిరిగి కాపలా కాసే ఉద్యోగం. ఖాకీ బట్టల్లోనే వచ్చి కుర్చీలో కూలబడింది. కళ్లు పసుపు పూసినట్టున్నాయి. వెంట తల్లి మంగ్లీ. పది రోజులుగా అన్నం సయించట్లేదని, నాలుగడుగులు వేస్తే కూర్చోవాలనిపిస్తోందని సునీత చెప్పింది. తండాలో డిగ్రీ చదివి సర్కారు కొలువు తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల ఆమేనని తల్లి చెప్పుకుంది. రోగం గురించి అడిగితే కూతురి కొలువు గురించి చెప్పిన ఆ తల్లి గర్వం నాకు నచ్చింది.

రక్తపరీక్షల్లో బిలిరుబిన్ ఎనిమిది దాటింది. కళ్లను పచ్చబరిచే పదార్థం అదే. మామూలుగా ఒకటి మించకూడదు. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారే ఎస్‌జీపీటీ అనే ఎంజైము నలభై లోపు ఉండాల్సింది తొమ్మిది వందలు చూపించింది. కామెర్లు తెచ్చే వైరస్‌లు ఏవీ లేవు. మలేరియా లేదు. స్కానింగులో పిత్తనాళానికి అడ్డంకీ లేదు. ఇవేవీ కావని తేలాక ఫిజీషియన్ ముందు మిగిలేవి ముఖ్యంగా రెండు. ఒకటి, ఏదైనా మందు కాలేయాన్ని దెబ్బతీసి ఉండాలి; అది మాత్ర కావచ్చు, పసరు కావచ్చు. రెండోది ఆటోఇమ్యూన్ హెపటైటిస్, అంటే మనల్ని రోగాల నుంచి కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి మన కాలేయం మీద పడడం. ఇది ఎక్కువగా ఆడవాళ్లలో వస్తుంది.

పైకి ఈ రెండూ ఒకేలా ఉంటాయి. రక్తపరీక్షలోనూ ఒకేలా ఉండొచ్చు. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. మందు వల్ల వచ్చినదైతే ఆ మందు ఆపి, కనిపెట్టుకుని కూర్చుంటే చాలామందిలో అదే తగ్గుతుంది. ఆటోఇమ్యూన్ అయితే కనిపెట్టుకుని కూర్చున్న కొద్దీ కాలేయం కరిగిపోతుంది. రక్షణ వ్యవస్థను అణిచే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి, తర్వాత ఏళ్ల తరబడి మందులు వాడాలి. మొదటి రోగికి అనవసరంగా స్టెరాయిడ్ ఇస్తే ఇన్‌ఫెక్షన్లతో పోవచ్చు. రెండో రోగికి ఇవ్వకపోతే రోగంతోనే పోతుంది.

నేను సునీతను అడిగాను, మందులేమైనా వాడావా అని. ఏం వాడలేదంది. పసరు తాగావా అన్నాను. తల్లి వైపు చూసి, “మూడు పొద్దులు తాగిన సార్” అంది. నాకు కావలసిన మాట దొరికింది. చెడామడా తిట్టి, కేస్ షీట్‌లో రోగనిర్ధారణ దగ్గర ‘పసరు మందు వల్ల కాలేయ వాపు’ అని రాసి సంతకం పెట్టాను. పది రోజుల్లో బిలిరుబిన్ దిగడం మొదలైంది. ఇంటికి పంపాను. నెల తర్వాత చూపించుకోవడానికి వస్తే కళ్లు తెల్లబడ్డాయి, ఎస్‌జీపీటీ నూట యాభైకి వచ్చింది. పూర్తిగా మామూలు కాలేదు కానీ అదీ దిగుతుందిలే అనుకున్నాను. పొద్దున లేవగానే వేళ్ల కణుపులు, మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఆర్నెల్ల నుంచీ ఇంతే అని చెప్పింది. బీట్ ఉద్యోగమంటే నడకే కదమ్మా అన్నాను. ఆ తర్వాత ఆమె రాలేదు, నేనూ కబురు చేయలేదు.

జనవరిలో మళ్లీ వచ్చింది. ఈసారి నడిచి రాలేదు, ఆటోలోంచి దింపి స్ట్రెచర్ మీద తెచ్చారు. బిలిరుబిన్ పదహారు. కాళ్లు పొంగాయి, పొట్టలో నీరు చేరింది. అన్నిటికంటే నన్ను కంగారు పెట్టింది రక్తం గడ్డకట్టే పరీక్ష. గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను కాలేయమే తయారుచేస్తుంది. అది పని మానేస్తే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ఆమెకు మామూలు కంటే రెట్టింపు సమయం పడుతోంది. కాలేయం మూలపడుతోందని చెప్పడానికి అంతకంటే స్పష్టమైన లెక్క లేదు.

మంచం పక్కన నిలబడి మొదట అడిగింది పసరు గురించే. లేదు సార్ అంది. నిజం చెప్పు అన్నాను. లేదంది. నిజం చెప్పకపోతే వైద్యం ఎట్లా చేయమంటావు, మీ ప్రాణాల మీదికి మీరే తెచ్చుకుని దవాఖానాకు వచ్చి దాచిపెడితే ఎట్లా అని గొంతు పెంచాను. పక్క మంచాల వాళ్లంతా చూస్తున్నారు. తల్లీకూతుళ్లు లంబాడీలో ఏదో మాట్లాడుకున్నారు. నాకు ఆ భాష రాదు. తర్వాత సునీత నా వైపు చూడకుండా, “అవ్ సార్, తాగిన” అంది. చూశారా సిస్టర్ అన్నట్టు విమల వైపు చూశాను. మళ్లీ అదే రోగనిర్ధారణ రాశాను.

అంతటితో ఆగలేదు. పసరు ఎవరిస్తున్నారని అడిగి తెలుసుకున్నాను. తండాకు మూడు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు, అక్కడ ముత్తయ్య అనే పెద్దాయన. ఆ గ్రామపంచాయతీకి ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాశాను. ముత్తయ్య ఇచ్చే పసరు వల్ల ఒక ప్రభుత్వోద్యోగి ప్రాణాపాయంలో ఉందని, ఎవరూ తాగకుండా ఊళ్లో చాటింపు వేయించాలని. మర్నాడే డప్పు కొట్టించి చాటించారట. ఆ కబురు విని నేను తృప్తి పడ్డాను కూడా.

వార్డులో మాత్రం సునీత దిగజారిపోతోంది. పసరు ప్రభావం దిగాలి, దిగుతుంది అని నాకు నేను చెప్పుకుంటూ నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు రక్తం గడ్డకట్టే సమయం ఇంకాస్త పెరిగింది. మాట అడిగితే జవాబివ్వడానికి ఆలోచించుకుంటోంది. కాలేయం వదిలేసిన విషాలు మెదడుకు చేరుతున్నాయనడానికి అది తొలి గుర్తు. మంగ్లీ నా చేయి పట్టుకుని, “నా బిడ్డ బతుకుతదా సార్? ఒక్క మాట చెప్పు” అంది. ఇట్లాగే ఇంకో వారం గడిస్తే బతకదని నాకు తెలుసు. ఎందుకు తగ్గట్లేదో మాత్రం తెలియడం లేదు.

ఆరో రోజు సోమవారం. ఓపీ కిటకిటలాడుతోంది. వరుసలో ఒక పెద్దమనిషి వచ్చి, పద్ధతిగా ఓపీ చీటీ నా బల్ల మీద పెట్టాడు. డెబ్బై దాటి ఉంటాయి. మోకాళ్ల దాకా పంచె, భుజాన తువ్వాలు. ఏంది బాధ అని అడిగాను.

“నాకేం రోగం లేదు సారూ. మీరు డప్పు కొట్టించింది నా మీదనే. నా పేరు ముత్తయ్య.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఏమన్నానో అన్నీ గుర్తులేవు, గుర్తున్నవి రాయడానికి సిగ్గేస్తుంది. కేసు పెట్టిస్తానన్నది గుర్తుంది. ఆయన చేతులు కట్టుకుని అన్నీ విన్నాడు. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు అడిగాడు, నేను చెప్పింది గూడ ఇంటరా సారూ అని. సరే చెప్పమన్నాను.

“మా తాత కాడికెల్లి ఇస్తున్నం. కామెర్లు లేనోల్లకు నేను మందు ఇయ్య. వచ్చినోల్లు ఎవరైనా ముందుగాల్ల ఉచ్చ పట్టి, అండ్ల అన్నం మెతుకులేసి తేవాలె. మెతుకు పచ్చగైతేనే మందు నూర్త. మెతుకు తెల్లగుంటే పో బిడ్డా నీకు కామెర్లు లెవ్వని ఎల్లగొడ్త. ఈ పిల్ల వచ్చిన్నాడు మెతుకు పసుపు ముద్ద లెక్క ఉంది. మరి నా మందు తాగి కామెర్లు వచ్చినయంటున్రు. నా మందు తాగకముందే మెతుకు ఎట్ల పచ్చగైంది సారూ?”

ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసు, గోడ మీద ఎండీ పట్టా, విద్యార్థులకు ఈ అంశం మీదే పాఠాలు చెప్పిన అనుభవం. ఒక మందు కాలేయాన్ని దెబ్బతీసిందని చెప్పాలంటే మొట్టమొదట చూడాల్సింది, మందు ముందా రోగం ముందా అని. నేను పాఠం చెప్పేటప్పుడు మొదటి వాక్యం అదే. ఆ ప్రశ్నే సునీతను నేను అడగలేదు. కామెర్లొచ్చాయి కాబట్టే ఆమె పసరు కోసం వెళ్లింది. మా జిల్లాలో ఎవరైనా చేసే పని అదే. రోగం తర్వాత తాగినదాన్ని రోగానికి కారణంగా రాశాను. నాకు తల కొట్టేసినట్టయింది.

మరి రెండోసారి ఎందుకిచ్చావని అడిగాను. అప్పటికి నా గొంతులో కోపం లేదు, కానీ అధికారం ఇంకా కాస్త మిగిలే ఉంది.

“ఎక్కడిచ్చిన సారూ? వచ్చిన్రు, నేను ఇయ్యలే. ఒకపారి ఇచ్చినోల్లకు మల్ల ఇయ్య. మల్ల తిరగబెట్టిందంటే అది నా చేతుల లేని రోగం. జల్దీ పెద్ద దవాఖానాకు పోండ్రి అని నేనే ఆటో ఎక్కించిన.”

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను మరచిపోలేను. పసరు ఇచ్చేవాళ్లు ఆకు పేరు ఎవరికీ చెప్పరు. చెబితే మందుకు గుణం పోతుందని వాళ్ల నమ్మకం. ముత్తయ్య తువ్వాలు ముడి విప్పి రెండు రకాల ఆకులు నా బల్ల మీద పెట్టాడు. “ఇవ్వే సారూ. గుణం పోతే పోనీ. దీనితోటి ఆ పిల్లకు ఏమన్న పనికొస్తదేమో చూడుండ్రి” అని రెండింటి పేర్లూ చెప్పాడు. ఒకటి అందరికీ తెలిసిన నేల ఉసిరి. రెండోదాని పేరు ఇక్కడ రాయను. అది ఆయన ఒక రోగి కోసం నాకు చెప్పిన మాట.

ఓపీ ఆపేసి వార్డుకు వెళ్లాను. సునీత మగతగా ఉంది. మంగ్లీ పక్కన స్టూలు మీద కూర్చుని, ఈసారి గొంతు తగ్గించి అడిగాను: రెండోసారి పసరు తాగిందా లేదా, తాగకపోతే ఎందుకు తాగానంది? తిట్టనని అర్థమయ్యాక ఆమె చెప్పింది.

“తాగలే సార్. మీరు నమ్ముతలేరు గదా. ఒప్పుకో బిడ్డా, లేకుంటే సార్ మందు ఇయ్యడు అని నేనే అన్న. గందుకే అవ్ అన్నది.”

ఆ రోజు వాళ్లు లంబాడీలో మాట్లాడుకున్న మాట అదన్నమాట. వైద్యం అందాలంటే డాక్టరు వినాలనుకున్నది చెప్పక తప్పదని ఒక తల్లి అనుకునేటట్టు చేశాను. ఆ ‘అవ్’ మీద ఆరు రోజుల వైద్యం నడిపాను. పసరు లేకుండానే రోగం తిరగబెట్టిందంటే దానికి కారణం పసరు కాదు. మరింకే మందూ లేదు. అంటే మిగిలింది రెండోదే, కొందరిలో మొదట దానంతటదే తగ్గినట్టు కనబడి తర్వాత విరుచుకుపడే ఆటోఇమ్యూన్ హెపటైటిస్.

ల్యాబుకు వెళ్లి పాత రిపోర్టు తీయమన్నాను. ల్యాబ్ టెక్నీషియన్ ఖాదర్ మాట తక్కువ మనిషి. సెప్టెంబరు నాటి రిపోర్టు వెతికి ఇచ్చాడు. అందులో గ్లోబులిన్ అనే అంకె కింద ఎర్ర సిరాతో గీత ఉంది. గ్లోబులిన్లంటే రక్షణ వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్లు. ఆటోఇమ్యూన్ రోగంలో అవి బాగా పెరుగుతాయి. సునీతకు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉంది. ఈ గీత నువ్వే గీశావా అంటే, “అవ్ సార్. ఆ దినం నోటితోటి గూడ చెప్పిన. మీరు పసరు కేసేలే అన్నరు” అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆర్నెల్ల కీళ్లనొప్పులు కూడా ఈ రోగపు లక్షణాల్లో ఒకటేనని అప్పుడు నాకు విడిగా ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రభుత్వాస్పత్రిలో కాలేయ విభాగం చూసే డాక్టరమ్మ ఒకప్పుడు నా విద్యార్థిని. ఫోన్ చేసి అంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆమె ఓపికగా విని, “సార్, ఇప్పుడే పంపించండి, బెడ్ నేను చూసుకుంటాను” అంది. మధ్యాహ్నానికల్లా 108 అంబులెన్సు బయల్దేరింది. దారిలో మనిషి మగత ముదిరితే ఏం చేయాలో తెలిసిన మనిషి ఉండాలని విమల తనే ఎక్కింది. ఆవిడ డ్యూటీ రెండింటి వరకే. ఎవరూ ఎక్కమని చెప్పలేదు.

కాలేయంలో ఏం జరుగుతోందో తెలియాలంటే బయాప్సీ చేయాలి, అంటే సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడాలి. మామూలుగా పక్కటెముకల మధ్య నుంచి తీస్తారు. రక్తం గడ్డకట్టనివాళ్లకు అలా చేస్తే లోపల రక్తస్రావమై ప్రాణం పోతుంది కాబట్టి మెడ దగ్గరి పెద్ద సిర గుండా సన్నటి గొట్టం పంపి తీశారు. ఆ సదుపాయం మాలాంటి చోట్ల లేదు. రిపోర్టులో ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లక్షణాలే ఎక్కువున్నాయి. అయినా పాథాలజిస్టు చివర ఒక వాక్యం చేర్చాడు: కొన్ని మందులూ అచ్చం ఇలాంటి మార్పులే తేగలవు, రోగి చరిత్రతో సరిపోల్చుకోవలెను. సూక్ష్మదర్శిని కూడా చివరికి తీర్పును మంచం పక్కన అడిగే ప్రశ్నకే వదిలేస్తుంది.

డాక్టరమ్మ ఫోన్ చేసి అడిగింది. “సార్, మీ కేస్ షీట్‌లో రెండుసార్లూ పసరు అని ఉంది. మీరు ఫోన్లో వేరే చెప్పారు. నేను స్టెరాయిడ్ ఎంతకాలం ఇవ్వాలన్నది దీని మీదే ఉంది. రాసి పంపగలరా?” మందు వల్ల వచ్చినదైతే కొన్ని నెలలకు స్టెరాయిడ్ ఆపేయొచ్చు. అసలు ఆటోఇమ్యూన్ అయితే ఆపితే తిరగబెడుతుంది. అరగంటలో ఉత్తరం రాసి స్కాన్ చేసి పంపాను. మొదటిసారి పసరు కామెర్లు కనబడ్డాకే తాగిందని, రెండోసారి అసలు తాగలేదని, ముందు రాసిన చరిత్ర రోగిని నేను ఒత్తిడి చేసి రాబట్టినదని, అది చెల్లదని. సర్వీసులో నేను రాసిన ఉత్తరాల్లో చేతికి బరువుగా తోచింది అదొక్కటే.

ఇన్‌ఫెక్షన్ ఏదీ లేదని చూసుకుని ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. నాలుగో రోజుకు మగత వదిలింది. వారానికి రక్తం గడ్డకట్టే సమయం తగ్గుముఖం పట్టింది. ఇంకో వారం, పది రోజులు ఆలస్యమై ఉంటే కాలేయ మార్పిడి తప్ప దారి ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. అంత సమయం వేచిచూడటానికి నేను సిద్ధంగానే ఉన్నానన్న సంగతి ఆమెకు చెప్పలేదు. ఐదు వారాలకు సునీత నా ఓపీకి నడిచి వచ్చింది. స్టెరాయిడ్ వల్ల బుగ్గలు ఉబ్బి గుండ్రంగా అయ్యాయి. “సార్, మా ఆఫీసుల నన్ను గుర్తుపట్టరు గావచ్చు” అని నవ్వింది. క్షమించమని అడిగాను. ఆమె ఇబ్బంది పడి, లే సార్ లే సార్ అంటూ లేచి నిలబడింది.

ముత్తయ్య ఊరికి నేనే వెళ్లాను. ఇంటి ముందు మంచం వాల్చి కూర్చోబెట్టాడు. క్షమాపణ చెబితే, సునీత కోలుకున్నందుకు సంతోషమన్నాడు. ఆ తర్వాత ముక్కుసూటిగా చెప్పాడు: “మీరు ఇంట్ల కూసోని నాతోటి అంటే ఊరికి ఎట్ల తెలుస్తది సారూ? డప్పు కొట్టి అన్నమాట డప్పు కొట్టే కాదనాలె.” నేను ఇరుకున పడ్డాను. ఆయనకు జరిగిన అన్యాయం సరిదిద్దాలి. కానీ పసరు మంచిదని ప్రభుత్వ డాక్టరు చాటించలేడు. పసరు వల్ల కాలేయాలు పాడవుతాయన్నది నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఇద్దరం గంటసేపు కూర్చుని మాటలు కుదుర్చుకున్నాం. మర్నాడు డప్పు ఇట్లా చెప్పింది: సునీతకు వచ్చిన రోగం ముత్తయ్య మందు వల్ల రాలేదు, డాక్టరు పొరబడ్డాడు, కళ్లు పచ్చబడ్డ వాళ్లు ముందు దవాఖానాలో రక్తం చూపించుకోవాలె, ముత్తయ్య చెప్పేది గూడ గదే. చివరి ముక్క ఆయన స్వయంగా చేర్చింది. ఆ తర్వాత రెండేళ్లలో ఆయన మెతుకు చూసి నేరుగా నా దగ్గరికి పంపిన వాళ్లు చాలామందే ఉన్నారు.

2025 మధ్యలో, పరీక్షలన్నీ రెండేళ్లుగా మామూలుగా ఉన్నాయి కదా అని, హైదరాబాద్ సలహాతోనే సునీత మందులు మెల్లగా తగ్గించి చూశాం. మందు వల్ల వచ్చిన రోగమైతే మళ్లీ రాదు. రెండు నెలలకు ఎస్‌జీపీటీ మళ్లీ పైకి లేచింది. వెంటనే పాత మోతాదు మొదలుపెట్టాం, అది దిగింది. రోగం ఏదన్నదానికి అదే ఆఖరి రుజువు. సునీత ఇప్పుడూ బీట్‌లో తిరుగుతోంది, రోజూ ఒక మాత్ర వేసుకుంటోంది.

బోర్డు తీయించేశాను. ఓపీలో అడిగే ప్రశ్నల వరుస మార్చాను. ముందు, కళ్లు పచ్చబడింది ఏ రోజు? ఏ పండగకు, ఏ సంతకు ముందో గుర్తు తెచ్చుకోమనేవాణ్ని. ఆ తర్వాత, దానికి ముందు ఏం మింగారు? తర్వాత ఏం మింగారు? రెండూ వేర్వేరుగా రాయించేవాణ్ని. రోగి నుంచి జవాబు వచ్చాక సిస్టరును ఇంకోసారి, నేను లేనప్పుడు, అదే ప్రశ్న అడగమనేవాణ్ని. రెండు జవాబులూ కలవకపోతే తప్పు రోగిది అనుకోవడం మానేశాను.

కేస్ షీట్‌లో తప్పు రాస్తే దాన్ని చెరిపేయకూడదని, తెల్ల సిరా పూయకూడదని మాకొక నియమం ఉంది. కింది అక్షరాలు చదవడానికి వీలుగా ఒకే గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. సునీత కేస్ షీట్‌లో రెండు చోట్ల అట్లా గీత గీశాను. కొత్తగా చేరిన జూనియర్లకు, ఆమె అనుమతితో, పేరు కప్పి ఆ కాగితం చూపించేవాణ్ని. గీత కింద ఏముందో చదవమనేవాణ్ని. అందరూ మొదట రోగనిర్ధారణ చదివేవారు. ఆ పైన, రోగి చెప్పిన చరిత్ర అని రాసిన చోట కూడా చదవమనేవాణ్ని. ‘పసరు తాగినట్లు రోగి స్వయంగా ఒప్పుకున్నది’ అని ఉంటుంది అక్కడ, నా చేతిరాతతో.